పాట రాసినోళ్లే పాడుతుంటే... మనకు లాస్ట్ బస్సు టెన్షన్!

మీ ఫోన్‌లో ప్లేలిస్ట్ ఓపెన్ చేసి చూడండి. రాసిన మనిషే పాడిన పాటలు అందులో ఎన్నున్నాయి? చాలామందికి ఒకటో రెండో ఉంటాయి. సినిమా పాటను ఒకరు రాస్తారు, ఒకరు ట్యూన్ కడతారు, ఇంకొకరు పాడతారు. తెర మీద పెదాలు కదిపేది మాత్రం హీరో. పాట వినగానే మనకు గుర్తొచ్చేది కూడా ఆయన మొహమే.

ఇండీ మ్యూజిక్‌లో ఈ లెక్క మారిపోతుంది. సినిమా అండ, పెద్ద కంపెనీ అండ లేకుండా సొంతంగా పాటలు చేసుకునేవాళ్లే ఇండీ ఆర్టిస్టులు. పాట రాసిన మనిషే గిటార్ పట్టుకుని మన ఎదురుగా నిలబడతారు. అలాంటి షో ఒక్కటైనా లైవ్‌లో చూడాలి. కానీ సంగారెడ్డి, పటాన్‌చెరు వైపు ఉండేవాళ్లకు అది అంత ఈజీ కాదు.

పేరు కొత్తది, పని పాతదే

'సింగర్ సాంగ్‌రైటర్' అనగానే ఇదేదో బయటి నుంచి వచ్చిన ఫ్యాషన్ అనుకోవద్దు. మనకు ఎప్పటి నుంచో దానికి ఒక మాట ఉంది... వాగ్గేయకారుడు. అన్నమయ్య, రామదాసు, త్యాగయ్య చేసింది ఇదే. మన పక్కనే చూసుకుంటే ఉమ్మడి మెదక్ జిల్లా తూప్రాన్‌లో పుట్టిన గద్దర్ ఉన్నారు. 2023 ఆగస్టు 6న చనిపోయేదాకా పాట కట్టడం, పాడటం, ఆడటం అన్నీ తానే చేశారు. గోరటి వెంకన్న కూడా తన పాట తానే రాసి పాడతారు. ఆయన 'వల్లంకి తాళం'కు 2021 కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది.

అదే దారిలోకి గిటార్, డ్రమ్స్ తెచ్చినవాళ్లలో హైదరాబాద్ 'చౌరస్తా' బ్యాండ్ ఒకటి. జానపదానికి రెగ్గే బీట్ కలిపారు. ఆనంద్ గుర్రం రాయగా రామ్ మిరియాల పాడిన 'ఊరెళ్లిపోతా మామా' పాటలో హీరో లేడు, హీరోయిన్ లేదు. సిటీ లైఫ్‌తో విసిగి సొంతూరికి పోదామనుకునే మనిషి ఉన్నాడంతే. 2020లో వాళ్లు చేసిన కరోనా పాట ఫోన్ల నుంచి ఫోన్లకు తిరిగింది. రామ్ మిరియాల తర్వాత సినిమాల్లోనూ పేరు తెచ్చుకున్నారు. 'జాతిరత్నాలు'లో చిట్టి పాట, 'డీజే టిల్లు' టైటిల్ సాంగ్ ఆయన గొంతే.

హిందీ, ఇంగ్లిష్‌లో పాటలు రాసి పాడే ప్రతీక్ కుహాడ్ సంగతి చాలామందికి తెలిసిందే. ఆయన 'కోల్డ్/మెస్' పాట 2019లో ఒబామాకు నచ్చిన పాటల లిస్టులో చేరింది. అదీ సినిమా పాట కాదు.

లైవ్‌లో ఏముంటుంది?

యూట్యూబ్‌లో ఫ్రీగా ఉన్నదాని కోసం అంత దూరం ఎందుకు పోవాలి అని మా ఫ్రెండ్స్ అడుగుతారు. నేను వెళ్లిన ఒక చిన్న కేఫ్ షో సంగతి చెప్తా. జనం అరవై మంది కూడా ఉండరు. నాకు నోటికొచ్చిన పాట మొదలైంది, కానీ రెండో చరణం మారిపోయింది. పాట అయ్యాక ఆ అబ్బాయే చెప్పాడు: "అది ఇరవై రెండేళ్లప్పుడు రాసింది. ఇప్పుడు ఆ మాట నేను నమ్మట్లేదు, అందుకే మార్చాను."

ఎవరో రాసిన పాట పాడేవాళ్లకు ఆ హక్కు ఉండదు. రాసిన మనిషికే ఉంటుంది. రికార్డింగ్‌లో పాట ఆ రోజుకు ఆగిపోతుంది. లైవ్‌లో మాత్రం పాట కూడా మనిషితో పాటు పెద్దదవుతుంది. దీన్ని ఇయర్‌బడ్స్‌లో వినలేం.

తొమ్మిదిన్నరకే వాచీ చూసుకోవాలి

ఇక అసలు ఇబ్బంది. షోలన్నీ దాదాపు బంజారాహిల్స్, జూబ్లీహిల్స్, గచ్చిబౌలి వైపే. ఎనిమిదింటికి అంటారు, మొదలయ్యేసరికి ఎనిమిదిన్నర దాటుతుంది. మెట్రో మియాపూర్‌లోనే ఆగిపోతుంది. చివరి రైళ్లు బయల్దేరేది పదకొండు ప్రాంతంలో. మియాపూర్‌లో దిగాక పటాన్‌చెరు బస్సు దొరకాలి. ఇస్నాపూర్, పాశమైలారం పోవాలంటే షేర్ ఆటో ఎక్కాలి. సంగారెడ్డి అయితే ఇంకా దూరం. క్యాబ్ బుక్ చేస్తే టికెట్ కన్నా దానికే ఎక్కువవుతుంది. అమ్మాయిలకైతే ఇంట్లో పర్మిషన్ దగ్గరే ప్లాన్ ఆగిపోతుంది. అందుకే మన వైపు వాళ్లం మంచి పాటలు మిగిలి ఉండగానే లేచి వచ్చేస్తాం.

మియాపూర్–పటాన్‌చెరు మెట్రో 13.4 కిలోమీటర్లు రెండో దశ ప్రతిపాదనల్లో ఉంది. అది వచ్చేదాకా ఆగాలా?

అక్కర్లేదు. పాటే ఇటు రావచ్చు. ఇస్నాపూర్ చౌరస్తాలో సాయంత్రం నిలబడితే తెలుగుతో పాటు హిందీ, ఒడియా, భోజ్‌పురి వినిపిస్తాయి. ఇక్కడి ఫ్యాక్టరీల్లో పనిచేసే వాళ్లలో చాలామంది ఎక్కడో ఊరు వదిలి వచ్చినవాళ్లే. ఊరెళ్లిపోవాలన్న పాటకు ఇంతకన్నా మంచి ఆడియన్స్ ఎక్కడ దొరుకుతారు? కంది ఐఐటీలో ఏటా 'ఎలాన్' ఫెస్ట్ జరుగుతుంది, అంటే సంగారెడ్డి జిల్లాకు పెద్ద స్టేజీ కొత్తేం కాదు. కావాల్సింది ఏడాదికోసారి వచ్చే పెద్ద స్టేజీ ఒక్కటే కాదు. ఒక చిన్న ఫంక్షన్ హాల్, రెండు స్పీకర్లు, ఆదివారం మధ్యాహ్నం మూడు గంటల టైమ్. వీక్లీ ఆఫ్ ఉన్నవాళ్లు వస్తారు, రాత్రి షిఫ్ట్ ఉన్నవాళ్లు కూడా విని డ్యూటీకి వెళ్లొచ్చు.

ఈలోపు మొదటిసారి చూడాలనుకుంటే బంజారాహిల్స్‌లోని లామకాన్‌తో మొదలుపెట్టండి. 2010 నుంచి నడుస్తోంది. చాలా ప్రోగ్రామ్‌లు ఫ్రీ, లేదంటే తక్కువ టికెట్. చాయ్, సమోసా అక్కడే దొరుకుతాయి. వెళ్లే ముందు వాళ్ల క్యాలెండర్, మెట్రో టైమింగ్స్ రెండూ చెక్ చేసుకోండి. మీ హాస్టల్‌లో రాత్రిపూట టెర్రస్ మీద కూర్చుని సొంత పాటలు పాడేవాళ్లెవరైనా ఉంటే వాళ్లనూ తీసుకెళ్లండి. అక్కడ ఓపెన్ మైక్‌లు కూడా పెడుతుంటారు.