నాలుగు గీతలు

"పట్టేసిన ఇంజన్ పది నిమిషాలాగి కిక్ కొడితే మళ్ళీ స్టార్టవుతుందేంటి సార్? విరిగిందేదో దానంతటదే అతుక్కుంటుందా?" అని డిప్లొమా రెండో ఏడు కుర్రాడొకడు అడిగాడు. ఇంట్లో వాళ్ళ నాన్నగారి ఆర్‌ఎక్స్ 100 టూస్ట్రోక్ బైకు ఉందట. ఇక ఆ రోజు సిలబస్‌లో పాఠం మూలపడింది.

విరిగిందీ లేదు, అతుక్కున్నదీ లేదు. ఉబ్బింది, చల్లారాక తగ్గింది. ఆర్‌ఎక్స్ 100 సిలిండర్ బోరు 50 మిల్లీమీటర్లు. పిస్టన్ అల్యూమినియం, అది తిరిగే గోడ పోత ఇనుము. 100 డిగ్రీల వేడి ఎక్కితే ఆ పిస్టన్ మిల్లీమీటరులో పదో వంతు పెరుగుతుంది; ఇనుము పెరిగేది అందులో సగం. రీబోర్ చేసే మేస్త్రీ రెండింటి మధ్యా వదిలే ఖాళీ తలవెంట్రుక మందం కూడా ఉండదు. వేడి నెమ్మదిగా ఎక్కితే రెండూ సర్దుకుంటాయి, పేచీ లేదు. బైకు పందేలకు దిగే కుర్రాడికి అంత ఓపికెక్కడిది? చల్లటి ఇంజన్‌కి కిక్ కొట్టి వెంటనే ఫుల్ రేజ్ ఇస్తాడు. మంట పిస్టన్ నెత్తిన పడుతుంది, బయటి బ్లాకు ఇంకా చల్లగానే ఉంటుంది. ముందే ఉబ్బిన పిస్టన్ ఆయిల్ పొరను చీల్చుకుని గోడకు రాసుకుంటుంది. రాపిడితో ఇంకా వేడి, ఇంకా ఉబ్బు. వెనక చక్రం బిగుసుకుపోతుంది.

గాజువాక ఆటోనగర్‌లో లేత్ షాపు బల్ల మీద అలాంటి పిస్టన్ దొరికితే చేతిలోకి తీసుకుని చూడండి. పిన్ను రంధ్రాలకు అటూ ఇటూ నాలుగు చోట్ల నిలువు గీతలుంటాయి. పిన్నును మోసే దగ్గర లోహం మందం, అక్కడే సాగుడూ ఎక్కువ. అందుకే కంపెనీలో పిస్టన్‌ను గుండ్రంగా కాక కొంచెం కోలగా చెక్కుతారు. గీతలు సైలెన్సర్ వైపు మాత్రమే ఉంటే ఆయిల్ చాలలేదనో, పెట్రోలు-గాలి మిక్స్చర్ పలచబడిందనో అనుమానించాలి. నెత్తికి చిల్లు పడిందంటే హెడ్ మరీ ఎక్కువ అరగదీయించి ఉంటాడు. పొగ బయటికి పోయే పోర్టును అడ్డంగా మరీ వెడల్పు చేస్తే రింగు అందులోకి ఉబికి, అంచుకు తగిలి ముక్కలవుతుంది.

మరి ఇనుప పిస్టనే పెట్టొచ్చుగా? క్రాంకు 8000 చుట్లు తిరుగుతున్నప్పుడు పిస్టన్ నిమిషానికి 16000 సార్లు ఆగి వెనక్కి తిరగాలి. పైకొసన దాన్ని కిందికి లాగే బలం దాని బరువుకు దాదాపు 2000 రెట్లు. 10000 చుట్లకు తీసుకెళితే ఆ లాగుడు ఇంకో సగానికి పైగా పెరుగుతుంది. ఇనుపదైతే కనెక్టింగ్ రాడ్ బతకదు.

ఇంత తెలిసీ కుర్రాళ్ళు చుట్లు ఎందుకు పెంచుతారంటే, సైలెన్సర్ వల్ల. టూస్ట్రోక్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం అదే. ఇందులో పాత పొగ పోవడం, కొత్త మిక్స్చర్ రావడం ఒకేసారి జరుగుతాయి కాబట్టి కొత్తది కూడా కొంత పొగతో పాటే బయటికి జారిపోతుంది. పందెం బండికి పెట్టే ఎక్స్‌పాన్షన్ చాంబర్ మొదట వెడల్పవుతూ పోయి, తర్వాత ఇరుకవుతుంది. పొగ ఒక్కసారిగా తోసుకొచ్చినప్పుడు పుట్టిన అల వెడల్పయ్యే భాగంలో సాగుతుంటే, అక్కణ్ణుంచి ఒక పీల్చే అల వెనక్కి వెళ్ళి సిలిండర్‌ను ఊడ్చేస్తుంది. ఇరుకయ్యే భాగానికి తగిలి తిరిగొచ్చే రెండో అల నెట్టే అల. నిండిన సిటీ బస్సు ఫుట్‌బోర్డు మీంచి జారుతున్నవాణ్ణి కండక్టరు లోపలికి తోసి తలుపేసినట్టు, పోర్టు మూసుకునే లోపు అది జారిపోయిన మిక్స్చర్‌ను లోపలికి తోసేస్తుంది. 8000 చుట్ల దగ్గర ఒక చుట్టుకు పట్టేది సెకనులో వెయ్యోవంతులు ఏడున్నర. వేడి పొగలో ధ్వని సెకనుకు సుమారు 500 మీటర్లు పోతుంది. అంటే గొట్టం పొడవే గడియారం. ఆ చుట్ల దగ్గర బండి దూకుతుంది, కిందికి దిగితే చచ్చుబడుతుంది. అందుకే చేయి ఆక్సిలరేటర్ వదలదు, పిస్టన్ ఉడుకుతూనే ఉంటుంది.

ఈ అలలను లొంగదీసుకున్న వాడు తూర్పు జర్మనీ ఎంజెడ్ కంపెనీ ఇంజనీరు వాల్టర్ కాడెన్. హోండా ఫోర్‌స్ట్రోక్‌ల ముందు, చేతిలో డబ్బు లేని ఈయన 1961లో 125 సీసీ నుంచి 25 హార్స్‌పవర్ తీశాడు. లీటరుకు 200 అన్నమాట. ఆ సెప్టెంబరులో స్వీడన్ రేసులో, ప్రపంచ టైటిల్ చేతికందే దూరంలో, ఆయన రైడర్ ఎర్నస్ట్ డెగ్నర్ ఇంజన్ పగిలింది. డెగ్నర్ తిరిగి దేశం వెళ్ళకుండా పశ్చిమానికి పారిపోయి, కాడెన్ రహస్యాలతో సుజుకిలో చేరాడు. 1961 టైటిల్ హోండాకి, 1962లో 50 సీసీ టైటిల్ సుజుకి మీద డెగ్నర్‌కి. కావాలనే ఇంజన్ పగలగొట్టాడని కొందరంటారు. నాకు నమ్మబుద్ధి కాదు. లీటరుకు 200 పిండే ఇంజన్ పగలడానికి ఎవరి సాయమూ అక్కర్లేదు.

తర్వాతి కథ పొట్టిది. జపాన్ కంపెనీలు ఆ విద్యను ప్రపంచమంతా అమ్మాయి, మనకు 1985లో ఆర్‌ఎక్స్ 100 వచ్చింది, పొగ నిబంధనలు బిగిశాయి, 1996లో తయారీ ఆగింది.

విశాఖ కుర్రాళ్ళకు ఇంకో చిక్కుంది, గాలితో. మే నెల ఉక్కలో బీచ్ రోడ్డుకు సరిపడా పెట్రోలు కొలిచి వదిలే జెట్ పెట్టిన బండి డిసెంబరు తెల్లవారుజామున పట్టేస్తుంది. 35 డిగ్రీల గాలి 20కి దిగితే 5 శాతం చిక్కబడుతుంది. గాలి పెరిగి పెట్రోలు అంతే ఉంటే మిక్స్చర్ పలచబడి వేడెక్కుతుంది. అరకు ఎక్కితే తిరగబడుతుంది. 900 మీటర్ల ఎత్తున గాలి పలచన, ప్లగ్గు నల్లబడుతుంది. పెట్రోల్లోనే ఆయిల్ కలిపి నడిపే బండితో అనంతగిరి ఘాట్ దిగేటప్పుడు అసలు ప్రమాదం. ఆక్సిలరేటర్ మూసేస్తే పెట్రోలుతో పాటు ఆయిలూ ఆగుతుంది, చక్రం మాత్రం ఇంజన్‌ను తిప్పుతూనే ఉంటుంది. అనుభవం ఉన్నవాళ్ళు రెండు వేళ్ళు క్లచ్ మీదే ఉంచుతారు. మధ్యమధ్య క్లచ్ పట్టి, ఒకసారి రేజ్ ఇచ్చి వదులుతారు. చలికాలంలో మెయిన్ జెట్ ఒక సైజు పెంచి, కాఫీ రంగు వచ్చేదాకా ప్లగ్గు విప్పి చూసుకుంటారు.