గోటూ చేసిన తప్పేంటి?

ఫస్టియర్ సీ ల్యాబ్‌లో, మ్యాట్రిక్స్‌లో ఒక సంఖ్యని వెతికే ప్రోగ్రామ్ రాశాను. సంఖ్య దొరకగానే రెండు లూపుల్లోంచి ఒకేసారి బయటపడాలని గోటూ వాడాను. అవుట్‌పుట్ కరెక్టుగానే వచ్చింది. రికార్డులో మాత్రం ఎర్ర పెన్ను పడింది. "గోటూ వాడకూడదు" అన్నారు మేడమ్. ఎందుకని అడిగే ధైర్యం చాలలేదు. తర్వాత వెతికితే తెలిసింది, ఈ గొడవ చాలా పాతదని.

1966లోనే బోమ్, జాకోపిని అనే ఇద్దరు వరుస, షరతు, లూప్, ఈ మూడూ ఉంటే ఏ ప్రోగ్రామైనా రాయొచ్చని నిరూపించారు. 1968 మార్చిలో డైక్‌స్ట్రా ఒక పత్రికకి రాసిన లేఖ అచ్చయింది. గోటూ హానికరం అనే దాని శీర్షిక ఆయన పెట్టింది కాదు, సంపాదకుడు నిక్లాస్ విర్త్ పెట్టింది. ఆయన బాధ ఒక్కటే: ఏ లైను దగ్గరైనా ఆగి చూస్తే, అక్కడికి ఎలా వచ్చామో చదివేవాళ్ళకి తెలియాలి. లూప్ అయితే ఎన్నో రౌండో, ఫంక్షన్ అయితే ఎక్కణ్ణుంచి పిలిచామో చెబితే చాలు. గోటూలు ఇష్టమొచ్చినట్టు దూకితే ఆ లెక్క చెప్పలేం.

మరి పూర్తిగా మానేయాలా? 1974లో డొనాల్డ్ కనూత్ ఒక పెద్ద వ్యాసంలో గోటూ తీసేయాల్సిన చోట్లూ, ఉంచితేనే మేలైన చోట్లూ రెండూ చూపించారు. లినక్స్ కెర్నల్లో ఇప్పటికీ గోటూ ఉంది. మెమరీ తీసుకుని, లాక్ వేశాక మధ్యలో ఏదైనా ఫెయిలైతే ఫంక్షన్ చివరికి దూకి, తీసుకున్నవన్నీ వెనక నుంచి వరుసగా వదిలేస్తారు. జావా గోటూని ఒప్పుకోదు, కానీ లేబుల్‌తో బ్రేక్ ఇస్తుంది. ఆ మాటకొస్తే మనం రోజూ రాసే బ్రేక్, కంటిన్యూ, రిటర్న్ కూడా దూకుళ్ళే. కాకపోతే ఎక్కడికి దూకుతాయో ముందే తెలుసు.

ఇదంతా చదివాక అదే ప్రోగ్రామ్‌ని ఇంకో రెండు రకాలుగా రాశాను. ఫ్లాగ్‌తో రాస్తే రెండు లూపుల షరతుల్లోనూ ఫ్లాగ్‌ని చూడాల్సొచ్చింది. వెతికే పనిని వేరే ఫంక్షన్ చేసి, దొరకగానే రిటర్న్ చేస్తే ఫ్లాగూ లేదు, గోటూ లేదు. మూడూ పట్టుకెళ్ళి మేడమ్‌కి చూపించాను.

ఆవిడ ఫంక్షన్‌తో రాసినదాన్ని మెచ్చుకుని, "నీ గోటూ కూడా తప్పేం కాదు బాబూ. కానీ ఎందుకు వాడావో ఆరోజు నువ్వు చెప్పలేదుగా" అన్నారు.

మార్కులైతే మారలేదు. ఇప్పుడు మాత్రం ఏ లైను రాసినా, ఇక్కడికి ఎలా వచ్చానని ఎవరైనా అడిగితే చెప్పగలనా అని ఒకసారి చూసుకుంటున్నాను.