బుల్‌డాగ్ ముడతలకు వంటింటి వైద్యం: ఏది మేలు? ఏది ముప్పు?

బుల్‌డాగ్ అందమంతా దాని ముడతల్లోనే ఉంది. నుదుటి మీద గీతలు, ముక్కు మీద దట్టమైన మడత, కిందికి వేలాడే బుగ్గలు చూసి ముచ్చటపడే కదా చాలామంది దాన్ని తెచ్చుకుంటారు! కాని దాని బాధ కూడా ఆ ముడతల్లోనే ఉందని కొన్నాళ్ళు పోతే గాని తెలియదు.

ఒకనాడు కుక్క దగ్గర పులిసిన వాసన వేస్తుంది. స్నానం చేయించినా పోదు. ముక్కు మీది ముడతను విప్పి చూస్తే లోపల ఎర్రగా, తడితడిగా, గోధుమరంగు జిగురు కనిపిస్తుంది. ఇక ఇంట్లో తలో సలహా మొదలవుతుంది. అమ్మమ్మ పసుపు పెట్టమంటుంది. నాన్న డెట్టాల్ అంటాడు. ఎదురింటావిడ కొబ్బరినూనె అంటుంది. పిల్లలు పౌడరు డబ్బా పట్టుకొస్తారు. ఎవరి మాట వినాలి?

ముడతలో ఏం జరుగుతుంది?

చంటిబిడ్డ మెడకింద ముడతలో పాలు చేరితే ఏమవుతుందో తల్లులకు తెలుసు. గాలి తగలక చర్మం నాని, ఒరుసుకుని కందిపోతుంది. బుల్‌డాగ్ ముడతలో జరిగేదీ అంతే. కుక్కకు మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు. ముడతలో చేరేది కన్నీరు, లాలాజలం, గిన్నెలో మూతి పెట్టినప్పుడు అంటిన నీళ్ళు, తిండి మెతుకులు. ఆ చీకటి, వెచ్చదనం, తడి మూడూ కలిసిన చోట చర్మం మీద మామూలుగా ఉండే సూక్ష్మజీవులే పెచ్చు పెరుగుతాయి. వీటిలో ముఖ్యమైనవి స్టెఫిలోకాకస్ జాతి బాక్టీరియా, మలసీజియా అనే ఈస్ట్. ఆ పులిసిన వాసన చాలావరకు ఈ ఈస్ట్ పుణ్యమే.

ఇంగ్లండులో ఎద్దుల మీదికి కుక్కలను ఉసిగొలిపే క్రూరమైన ఆట ఉండేది. దాన్ని 1835లో చట్టం నిషేధించింది. ఆ తర్వాత బుల్‌డాగ్‌ని ఇంట్లో ముద్దుకు పెంచుకోవడం మొదలైంది. తరతరాలుగా పొట్టి మూతి గల పిల్లలనే ఎంచి పెంచడంతో ముఖంలో ఎముక తగ్గింది, చర్మం మాత్రం తగ్గలేదు. మిగిలిన ఆ చర్మమే ముడతలు పడింది. అంటే ఇది ఒకనాడు వచ్చి పోయే జబ్బు కాదు, పుట్టుకతో వచ్చిన తీరు. కనుక శుభ్రతా రోజువారీ పని కావాలి.

సిద్దిపేట ఎండ, వాన

చల్లటి దేశపు కుక్క సిద్దిపేటకు వస్తే రెండు కాలాల్లో అవస్థ పడుతుంది. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పొట్టి మూతి వల్ల బుల్‌డాగ్ రొప్పి ఒళ్ళు చల్లబరచుకోవడం కష్టం. చొంగ ఎక్కువ కారి ముడతలు తడుస్తాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు. గాలిలో తేమ వల్ల ముడత త్వరగా ఆరదు. ఈ రెండు కాలాల్లోనూ రోజూ శుభ్రం చేయాలి. చలికాలంలో వారానికి రెండు మూడుసార్లు చాలు.

మేలు చేసే వంటింటి వైద్యం

అర లీటరు నీళ్ళను బాగా మరిగించి, అందులో ఒక చెంచా ఉప్పు తలగొట్టి వేసి, గోరువెచ్చగా చల్లారనివ్వండి. ఈ ఉప్పునీళ్ళు ఒంటిలోని ద్రవాలకు దగ్గరగా ఉంటాయి కనుక అంతగా మండవు. ఏ రోజువి ఆ రోజే కాచుకోవాలి.

ఎండ ఎక్కకముందే పని ముగించండి. శుభ్రమైన మెత్తటి నూలుగుడ్డ ముక్కను వేలికి చుట్టి, ఉప్పునీళ్ళలో ముంచి గట్టిగా పిండండి. రెండో చేత్తో ముడతను మెల్లగా విప్పి, కంటి నుంచి బయటివైపుకు తుడవండి. రుద్దకూడదు. ఒక్కో ముడతకు ఒక్కో ముక్క వాడండి. ముక్కు మీద, కళ్ళ కింద, పెదవుల పక్కన అయ్యాక తోక మొదట్లో ఉండే గుంటను మరిచిపోవద్దు. బుల్‌డాగ్ తోక మెలిక తిరిగి లోపలికి అణిగి ఉంటుంది కనుక అక్కడి పుండు చాలామందికి కనపడదు. ఆడకుక్కకు మూత్రద్వారం చుట్టూ ఉండే ముడతనూ చూడాలి.

ఆ తర్వాత అసలు పని. పొడిగుడ్డతో అద్ది అద్ది, చెమ్మ లేకుండా ఆరబెట్టాలి. తుడిచి తడిగా వదిలేస్తే తుడవకపోవడం కన్నా నష్టం. మందు పెట్టడం కన్నా తడి తీయడమే ముడతకు వైద్యం. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే సగం బాధ తప్పుతుంది. నీళ్ళు తాగినప్పుడల్లా మూతి తుడవడం కూడా ఇందులో భాగమే. పని అయ్యాక చిన్న క్యారెట్ ముక్క పెడితే రేపు అదే వచ్చి కూర్చుంటుంది. మీ చేతులు సబ్బుతో కడుక్కోండి.

ముప్పు తెచ్చేవి

పసుపు మనకు మంచిదే. కాని ముద్దగా పెడితే ముడతలో గడ్డకట్టి తడిని పట్టి ఉంచుతుంది. పైగా దాని రంగులో ఎరుపు కనపడక డాక్టరుకు జబ్బు అంతుపట్టదు. కొబ్బరినూనె తడి ఆరనివ్వదు, ఈస్ట్‌కు నూనె ఇష్టమైన ఆహారం. పౌడరు తడికి ఉండలు కట్టి ఒరుస్తుంది, ముక్కులోకి పోతే ఊపిరికి ఇబ్బంది. నిమ్మరసం, వెనిగరు పచ్చిపుండు మీద భగ్గుమంటాయి. డెట్టాల్ వంటి ద్రావణాలు కుక్క చర్మాన్ని కాల్చగలవు, నాకితే లోపలికీ వెళతాయి. గజ్జికి కిరోసిన్, ఇంజను ఆయిలు పూయడం కొన్నిచోట్ల అలవాటు. అవి విషంతో సమానం, ఏ కుక్కకూ పూయకండి.

అన్నిటికన్నా మోసం చేసేది మందుల షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ క్రీము. రెండు రోజుల్లో ఎరుపు తగ్గుతుంది, నయమైందని సంబరపడతాం. లోపల క్రిములు మాత్రం పెరుగుతూనే ఉంటాయి, చర్మం పలచబడిపోతుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు?

చీము, నెత్తురు, దుర్వాసన, వెంట్రుకలు ఊడటం, ముట్టుకోబోతే మూలగడం లేదా గుర్రుమనడం — వీటిలో ఏది కనిపించినా ఇంటి వైద్యం ఆపండి. నొప్పితో ఉన్న కుక్క కరవవచ్చు, కనుక పిల్లలను దగ్గరికి పోనీయకండి. కన్ను చికిలించినా, ఎర్రబడినా ఆ రోజే చూపించాలి. ముక్కు ముడత మీది వెంట్రుకలు కంటికి రాసుకుని నల్లగుడ్డు మీద పుండు పడవచ్చు, చూపు పోయే ప్రమాదం ఉంది.

పశువైద్యుడు ముడతలోని జిగురును గాజుపలక మీద తీసి సూక్ష్మదర్శినిలో చూస్తే అది బాక్టీరియానా, ఈస్టా అని తేలుతుంది. రెంటికీ మందులు వేరు. మాటిమాటికీ తిరగబెడితే అలెర్జీ గాని, అధిక బరువు గాని కారణం కావచ్చు. ఒళ్ళు పెరిగితే ముడతలూ లోతవుతాయి, కనుక తిండి తగ్గించడం కూడా వైద్యమే. మరీ మొండిదైతే ఆపరేషను చేసి ముడతను తీసేస్తారు. అటువంటి కేసులకు హైదరాబాదులో రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఉంది.

కొత్తగా బుల్‌డాగ్ కొనాలనుకునేవారికి ఒక మాట. ఫొటో చూసి మోజుపడకండి. తల్లికుక్కను చూడండి. దాని ముక్కుపుటాలు బాగా తెరుచుకుని, ముడతలు లోతు లేకుండా ఉన్నాయా అని గమనించండి. రోజూ పది నిమిషాలు దాని ముఖం తుడిచే ఓపిక, ఎండాకాలమంతా నీడన చల్లగా ఉంచే వసతి మీ ఇంట్లో ఉన్నాయా అని ఆలోచించండి. లేవనుకుంటే, మన ఎండకూ వానకూ అలవాటు పడ్డ వీధి కుక్కపిల్లను చేరదీయండి. విశ్వాసంలో అది దేనికీ తీసిపోదు, తుడవడానికి దానికి ముడతలూ ఉండవు.