ఇఫ్తార్ ప్యాకెట్‌లో పడని తిండి

రుద్రంగిలో పంచే ఇఫ్తార్ ప్యాకెట్ల కోసం పల్లీలు, పాలు, గోధుమ కలపని బియ్యప్పిండి మురుకులు, ఖర్జూరం లడ్డూలు తెప్పించి రుచి చూశాం. మురుకులు కరకరలాడాయి. లడ్డూలో నెయ్యి లేని లోటు తెలిసినా తీపి సరిపోయింది.

అయితే ఒంటికి పడుతుందో లేదో నాలుక చెప్పదు. హలాల్ ముద్ర, పచ్చచుక్క కూడా చెప్పవు. 2020 నాటి లేబుల్ నిబంధనల ప్రకారం గోధుమ, పాలు, గుడ్లు, చేపలు, రొయ్యలు, పల్లీలు, జీడిపప్పు, బాదం, సోయా ఉంటే ప్యాకెట్‌పై ప్రత్యేకంగా రాయాలి. ఆ జాబితాలో నువ్వులు లేవు; మన సకినాల్లో ఉంటాయి. అందుకే పదార్థాల వరుస మొత్తం చదవాలి.

పడనిది తిని ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే 108కి ఫోన్ చేయాలి.

తీసుకునేవారు మొహమాటంతో ఏమీ చెప్పరు. ఇచ్చే మనమే ముందుగా అడగాలి: "మీ ఇంట్లో ఎవరికైనా ఏదైనా పడదా?"