సైకిలు కొనుట, సొంతము చేసికొనుట

మోటారు బండ్లు ఎంతగా పెరిగినను, మచిలీపట్టణపు వీథులలో తెల్లవారుజామున సైకిలు గంట ఇంకను వినవచ్చుచునే యున్నది. పాల క్యానులను ఇరుప్రక్కల వ్రేలాడదీసికొని ఒకడు వచ్చును. పత్రికల కట్టతో ఒక కుఱ్ఱవాడు వచ్చును. ఆకుకూరల గంపతో ఒకడు, చేపల బుట్టతో మఱియొకడు వచ్చుదురు. గృహస్థు కాఫీ త్రాగి వీథి యరుగుమీదికి వచ్చునప్పటికి, ఆ పూట సంసారమునకు కావలసిన వస్తువులు కొన్ని రెండు చక్రములమీద వచ్చి వాకిట దిగియుండును. గుడివాడలోను ఇదియే తీరు. అవనిగడ్డలోను ఇదియే తీరు. అయినను ఆ వాహనముయొక్క యోగక్షేమములను గూర్చి ఒక్క నిమేషము ఆలోచించువారు మనలో ఎందఱు?

సైకిలు కొనుట వేఱు, సొంతము చేసికొనుట వేఱు. దుకాణములో రొక్కము చెల్లించి రసీదు పుచ్చుకొన్న దినమున అది మన యింటికి వచ్చును. అంతమాత్రమున మనది కాదు. మన యెత్తునకు సీటు అమర్చి, మన బరువునకు చక్రము బిగించి, మన నేలకును గాలికిని తగినట్లు దిద్దుకొని, దాని కీలుకీలును చేతితో ఎఱిగిన నాడే అది మనదగును. ఎద్దును కొని అరకకు అలవాటు చేసిన రైతునకు ఈ మాట విప్పి చెప్పనక్కఱలేదు.

నేటి సైకిలు రూపమునకు మూలమైన రోవర్ బండిని 1885లో ఇంగ్లండునందు జాన్ కెంప్ స్టార్లీ నిర్మించెను. 1888లో డన్లప్ గాలి టైరును వాడుకలోనికి తెచ్చిన పిమ్మట అది లోకమంతయు వ్యాపించెను. పరప్రభుత్వ కాలమున మన పట్టణములలో తిరిగిన రాలీ, హెర్క్యులీసు, బి.ఎస్.ఏ. బండ్లు సీమనుండి ఓడలలో దిగినవే. 1939లో బొంబాయియందు హింద్ సైకిళ్ల కంపెనీ వెలసెను. 1949లో మదరాసున టి.ఐ. సైకిళ్ల సంస్థయు, 1951లో సోనీపట్టున అట్లాసును, 1956లో లూధియానాలో హీరోయు వచ్చినవి. వీనిలో అట్లాసువారు 2020 జూనులో సాహిబాబాదు కర్మాగారమున ఉత్పత్తి నిలిపివేసిరి. అయినను 2011 జనాభా లెక్కలనాటికి దేశమున ప్రతి 100 ఇండ్లలో సుమారు 45 ఇండ్లయందు సైకిలు కలదు. విడిభాగము సీమనుండి రావలెనను సాకు నేడు లేదు. లేనిదల్ల మన శ్రద్ధయే.

కృష్ణాడెల్టా సైకిలునకు పుట్టినిల్లు కాకున్నను మెట్టినిల్లు అనదగినది. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైనది మొదలు ఈ సీమ కాలువలతోను కాలువగట్లతోను అల్లుకొనిపోయినది. బందరునుండి గుడివాడకు పోయినను, పెడనకు పోయినను, దివిసీమకు దిగినను కొండ లేదు, గుట్ట లేదు. ఇట్టి చదును నేలమీద సైకిలు త్రొక్కువానికి, అంతే దూరము నడచువానికి వ్యయమగు శక్తిలో సుమారు 5వ వంతు మాత్రమే వ్యయమగును. కావున పలు గేర్ల బండి మనకు అవసరము కాదు. 28 అంగుళముల చక్రములు గల పాత తరహా నల్లబండి చాలును.

అందును దిద్దుకొనవలసినవి కలవు. మొదటిది సీటు. సీటుమీద కూర్చుండి మడమను క్రింది పెడలుపై ఉంచినప్పుడు కాలు తిన్నగా సాగవలెను. సాగనిచో సీటు తక్కువయైనదని యర్థము. మోకాలి నొప్పికి అదియే మొదలు. రెండవది ఫ్రీవీలు. ముందు చక్రమున 44 పండ్లు, వెనుక ఫ్రీవీలుకు 18 పండ్లు ఉన్న బండి, పెడలు ఒక చుట్టు తిరిగినచో సుమారు 5½ మీటర్లు పోవును. ఒంటరిగా పోవువానికి ఇది సరిపోవును. కాని రెండు పాల క్యానులతో సముద్రపు గాలికి ఎదురుగా పోయి కాలువ వంతెన ఎక్కవలసినవాడు 22 పండ్ల ఫ్రీవీలు వేయించుకొనుట మంచిది. చైనుకు ఒకటి రెండు లింకులు చేర్చవలసి రావచ్చును. చుట్టునకు పోవు దూరము 4½ మీటర్లకు తగ్గును, మోకాళ్లు మిగులును.

మూడవది బరువు. ముందు చక్రమునకు 32 పుల్లలు, వెనుక చక్రమునకు 40 పుల్లలు ఉండుట ఊరక కాదు. మోతయంతయు వెనుక చక్రముదే. బరువును ఎత్తుగా కట్టరాదు. ఇరుప్రక్కల సమముగా, క్రిందుగా కట్టవలెను. ఒక పుల్ల విఱిగినచో దాని వాటా బరువు ప్రక్క పుల్లలపై పడును. ఈ పాఠము నేను వెల యిచ్చి నేర్చుకొంటిని. చల్లపల్లినుండి మోపిదేవికి పుస్తకముల మూటతో పోవుచు, రెండు పుల్లలు విఱిగిన చప్పుడు విని కూడ, “ఇల్లు చేరిన పిమ్మట చూతము” అనుకొంటిని. అరగంటలో మఱి నాలుగు విఱిగినవి. చక్రము వంగి చట్రమునకు రాచుకొని నిలిచిపోయెను. ఒక భుజముమీద బండి, ఒక భుజముమీద మూట మోసికొని నడచితిని. నన్ను మోయవలసినదానిని నేను మోసితిని. తప్పు దానిది కాదు.

ఇక మన సీమకు ప్రత్యేకమైన శత్రువు ఉప్పు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమను ముంచిన సంగతి ఇచ్చట ఎవరును మఱువలేదు. అంతటి యాపద రాకున్నను, సముద్రము గాలిలో కలసి ఏడాది పొడుగునను మన ఇండ్లకు వచ్చుచునే యుండును. ఉప్పు తేమను పీల్చును. తేమ ఇనుమును తినును. నాగాయలంకవద్ద పంటుమీద ఏటిని దాటిన సైకిలునకును, హంసలదీవి యిసుకలో నడచిన సైకిలునకును ఆ సాయంకాలమే మంచినీటి స్నానము కావలెను. తడి గుడ్డతో తుడిచి, పొడి గుడ్డతో ఆర్చి, చైనును కిరసనాయిలుతో కడిగి ఆఱనిచ్చి, లింకు లింకునకు ఒక్క చుక్క మిషను నూనె వేసి, పైకి మిగిలినదానిని తుడిచివేయవలెను. నూనె ఎక్కువయైనచో దుమ్మును పట్టును. వంటనూనె అసలు పనికిరాదు. అది కొన్నాళ్లకు బంకయగును. వానకాలమున పుంతదారి పోయి వచ్చినవాడు మడ్గార్డు లోపల పేరుకొన్న జిగటమట్టిని ఆఱకముందే పుల్లతో గీకివేయవలెను.

చైను సాగినదో లేదో తెలియుటకు మెకానిక్కు అక్కఱలేదు; బడిపిల్లవాని కొలబద్ద చాలును. ఒక లింకు అరయంగుళము. 24 లింకులు సరిగా 12 అంగుళములు ఉండవలెను. అంగుళములో 8వ వంతు పెరిగినచో చైను మార్చవలెను. మార్చక లోభించినవాడు కొలదికాలములోనే పండ్ల చక్రమును, ఫ్రీవీలును కూడ మార్చవలసివచ్చును. బ్రేకు సంగతియు ఒకటి యెఱుగవలెను. ఇనుప రిమ్ము వానలో తడిసినప్పుడు రబ్బరు దానిని సరిగా పట్టదు. తడిలో ముందుగానే బ్రేకు నొక్కుట ప్రాణరక్షణము. ఏటికొకసారి బండి నంతయు విప్పించి, హబ్బులలోని బాల్సు కడిగించి, క్రొత్త గ్రీజు పెట్టించవలెను. దీనినే మనవారు ‘ఓవరాయిలింగు’ అందురు. ఇంగ్లీషు మాటలో లేని నూనెను మనవారు చేర్చినారు; పనిని బట్టి చూడగా మనవారి మాటయే సార్థకముగా నున్నది.

ఆ పని చేయువాడు చెట్టు నీడను ఒక నీటి తొట్టి, ఒక పంపు, నాలుగు పానాలు పెట్టుకొని కూర్చుండు మనిషి. ట్యూబును నీట ముంచి బుడగను చూచి చిల్లిని పట్టును. వ్రేలితో మీటి ఏ పుల్ల వదులైనదో చెప్పును. వానివద్ద పని నేర్చుకొను కుఱ్ఱవారు తగ్గుచున్నారు. పది రూపాయలకై వానితో బేరమాడు గృహస్థు, వాడు లేనినాడు ఎవరిని పిలుచును? వానికి తగిన కూలి ఇచ్చుటయు సైకిలు పోషణలోని భాగమే.

చివరకు అన్నిటికంటె ముఖ్యమైన మాట. పూర్వము పురపాలక సంఘములు సైకిలునకు పన్ను గొని బిళ్ల ఇచ్చెడివి. దీపము లేక రాత్రి త్రొక్కినవానిని పోలీసువారు ఆపెడివారు. ఆ పన్ను పోయినది. దానితోపాటు ఆ దీపమును పోయినది. నేడు మచిలీపట్టణము మీదుగా 216వ జాతీయ రహదారి పోవుచున్నది. పూనానుండి వచ్చు 65వ రహదారి ఇచ్చటనే ముగియుచున్నది. లారీలు వేగముగా వచ్చు ఆ దారుల అంచున, చీకటి పడిన పిమ్మట పనినుండి మరలుచున్న కూలివాని సైకిలు వెనుక ఒక ఎఱ్ఱబిళ్ల యైనను లేదు. వాడు మన చేనినుండియో మన కొట్టునుండియో ఇంటికి పోవుచున్నవాడు.

వెనుక మడ్గార్డున ఒక ఎఱ్ఱ ప్రతిబింబపు బిళ్ల, ముందు ఒక చిన్న దీపము, పుల్లలలో రెండు మెఱుపు బిళ్లలు: వీని వెల ఒక కుటుంబము సినిమా చూచి వచ్చు ఖర్చునకు మించదు. తన వద్ద పనిచేయువారి సైకిళ్లకు ఇవి అమర్చించుట ప్రతి ఆసామికిని, ప్రతి వర్తకునికిని సాధ్యమైన పని. రోడ్డు అంచును గుంటలు లేకుండ, ఇసుక గుట్టలు లేకుండ సైకిలునకు విడిచిపెట్టుట పురపాలకులకు సాధ్యమైన పని. ఏ పథకమును, ఏ శాసనమును ఇందుకై ఎదురుచూడనక్కఱలేదు.

రేపు తెల్లవారుజామున గంట మ్రోగినప్పుడు పాఠకమహాశయులు ఒకమాఱు వాకిటికి వచ్చి, పాలవాని బండి వెనుకభాగమును చూతురు గాక. అచ్చట దీపము లేనిచో, అది వాని లోపము మాత్రమే కాదు.