లేబుళ్లకు చిరునామాలు: బహుళ పాస్ అసెంబ్లర్ల పనితీరు

ఉపోద్ఘాతం

రాజమహేంద్రవరం నుండి విశాఖపట్నం వైపు బస్సులో వెళ్లేవారికి తుని తరువాత తాండవ నది దాటగానే పాయకరావుపేట వస్తుంది. ప్రయాణికుడు కండక్టరుకు ఊరి పేరు చెబుతాడే గాని కిలోమీటరు రాయి సంఖ్య చెప్పడు. దారిలో ఎక్కడైనా మలుపు తీసి రోడ్డును సూటిగా వేస్తే ఆపై ఊళ్ల దూరాలన్నీ మారతాయి, పేర్లు మారవు. 2010లో ఆ జాతీయ రహదారి సంఖ్యే 5 నుండి 16గా మారింది. అసెంబ్లీ భాషలో లేబుల్ ఇటువంటి పేరే. ప్రోగ్రామరు పేరు రాస్తాడు, ప్రాసెసరుకు సంఖ్య కావాలి. ఆ సంఖ్య ఒక్క బైటు తప్పినా నియంత్రణ వేరొక ఆదేశం నడిమధ్యకు చేరవచ్చు. అప్పుడు దత్తాంశమే ఆదేశంగా అమలవుతుంది. ప్రాసెసరుకు ఆ తేడా తెలియదు.

రెండు పాసుల పద్ధతి

మూల ప్రోగ్రామును మొదటి నుండి చివరి వరకు ఒకసారి చదవడాన్ని ‘పాస్’ అంటారు. మొదటి పాస్‌లో అసెంబ్లర్ ఒక స్థాన గణకాన్ని నడుపుతుంది. ప్రతి ఆదేశం పొడవును దానికి కలుపుతూ, లేబుల్ ఎదురైనప్పుడు అప్పటి విలువను చిహ్నాల పట్టికలో నమోదు చేస్తుంది. రెండవ పాస్‌లో ఆ పట్టికను చూసి యంత్రసంకేతం వెలువరిస్తుంది. ఒకే పాస్ చాలకపోవడానికి కారణం, ప్రోగ్రాములో ఇంకా రాని లేబుల్‌ను ముందుగానే ప్రస్తావించడం. ఖాళీ వదిలి, లేబుల్ దొరికాక వెనుకకు వెళ్లి పూరించే ఏకపాస్ అసెంబ్లర్లూ ఉన్నాయి. అయితే ఎంత ఖాళీ వదలాలో వాటికి ముందే తెలియాలి.

పాస్ అనేది ఒకప్పుడు చేతిపని కూడా. 12 బిట్ల పీడీపీ-8లో కాగితపు టేపుపై ఉన్న ప్రోగ్రామును ప్రతి పాస్‌కూ మళ్లీ రీడరులో పెట్టవలసి వచ్చేది. ట్రాంబేలో రూపొంది హైదరాబాదు ఈసీఐఎల్ ద్వారా వెలువడిన టీడీసీ-12 కూడా 12 బిట్ల యంత్రమే. అటువంటి కాలంలో మూడో పాస్ అడగడం తేలిక కాదు.

పొడవు దూరంపై ఆధారపడితే

8086లో షరతులేని జంప్‌కు రెండు రూపాలు ప్రధానం. గమ్యం తరువాతి ఆదేశం నుండి -128, +127 మధ్య ఉంటే 2 బైట్లు చాలు. అది దాటితే అదే సెగ్మెంటులో 3 బైట్లు కావాలి. పొడవు తెలియాలంటే దూరం తెలియాలి, దూరం తెలియాలంటే మధ్యనున్న ఆదేశాల పొడవులు తెలియాలి. చిక్కంతా ఇక్కడే ఉంది.

0వ స్థానంలో ‘చివర’ అనే లేబుల్‌కు ఒక జంప్, ఆ తరువాత 125 బైట్ల ఆదేశాలు, వాటి వెంట ‘ముగింపు’కు రెండో జంప్, వెంటనే ‘చివర’, అక్కడికి 130 బైట్ల తరువాత ‘ముగింపు’ ఉన్నాయనుకుంటే, రెండు జంప్‌లనూ పొట్టివిగా భావించినప్పుడు ‘చివర’ స్థానం 129. మొదటి జంప్ దూరం 127, సరిగ్గా సరిపోయింది. రెండోదాని దూరం 130 కనుక అది 3 బైట్లకు పెరుగుతుంది. దానితో ‘చివర’ 130కి జరుగుతుంది, మొదటి జంప్ దూరం 128 అవుతుంది. తదుపరి పాస్‌లో అదీ పెరగక తప్పదు. ఆపై పాస్‌లో ‘చివర’ 131, ‘ముగింపు’ 261గా నిలిచి, ఏ పొడవూ మారదు. అప్పుడే సంకేతం వెలువరించడం క్షేమం.

అన్నీ పొట్టివిగా మొదలుపెట్టి, పెరిగినదాన్ని మళ్లీ తగ్గించకపోతే ఈ ప్రక్రియ తప్పక ఆగుతుంది. ఒక్కో జంప్ ఒక్కసారే పెరగగలదు గదా! అన్నీ పొడవుగా మొదలుపెట్టి తగ్గించుకుంటూ వస్తే, ఒకదాని పొడవు వల్ల మరొకటి తగ్గలేక, రెండూ పొట్టివి కాగలిగినా పొడవుగానే మిగిలిపోవచ్చు. ఇక పెరగడాన్నీ తగ్గడాన్నీ రెండింటినీ అనుమతిస్తే, ఖాళీ బైట్లతో సరిహద్దు సవరించే అలైన్ వంటి నిర్దేశాలున్నచోట విలువలు అటూ ఇటూ ఊగిసలాడే ప్రమాదముంది. లేబుళ్లతో ఏ గణిత సమాసాన్నైనా రాయనిచ్చినప్పుడు అతి తక్కువ పొడవును కనుగొనడం ఎన్‌పీ-కంప్లీట్ సమస్య అని టి. జి. షిమాన్‌స్కీ 1978లో చూపాడు.

రెండు పాసులకే పరిమితమైన పాత మాస్మ్, ముందున్న లేబుల్‌కు రాసిన జంప్‌కు 3 బైట్లు కేటాయించేది. దూరం తక్కువని తేలితే మిగిలిన బైటును నాప్ ఆదేశంతో నింపేది. ఆ బైటు ఆదా కావాలంటే ప్రోగ్రామరే ‘షార్ట్’ అని రాయాలి. లెక్క తప్పితే దోషసందేశం వచ్చేది. నాస్మ్ ఆ లెక్కను తానే చేస్తుంది. పొడవులు స్థిరపడే వరకు పాసులు నడుపుతుంది, స్థిరపడని ప్రోగ్రాముల కోసం పాసుల సంఖ్యకు పరిమితి కూడా పెట్టుకుంటుంది.