పదకొండేళ్ళు ఆగి పుట్టినవాడు

మా అబ్బాయి 2021లో పుట్టాడు. వాడు పిండంగా ఏర్పడింది మాత్రం 2009లో. అప్పటికి నేను హైదరాబాదులో మొదటి ఉద్యోగం చేస్తున్నాను, పెళ్ళి కూడా కాలేదు. ఇదేం లెక్క అనుకుంటున్నారా? ఆ లెక్క చెప్పడానికే ఈ వ్యాసం.

మిగిలిన పిండాలు

టెస్టుట్యూబు పద్ధతి గురించి మీకు తెలిసే ఉంటుంది. మందులతో ఒకేసారి చాలా అండాలు తీసి, ప్రయోగశాలలో పిండాలు తయారుచేస్తారు. ఒకటో రెండో గర్భంలో ప్రవేశపెట్టి, మిగిలినవాటిని గడ్డకట్టించి దాచిపెడతారు. 2002లో అమెరికాలో చేసిన ఒక సర్వేలో ఇలా దాచిన పిండాలు దాదాపు 4 లక్షలని తేలింది. వాటిలో మరో జంటకి ఇవ్వడానికని కేటాయించినవి 2.3 శాతమే. పిల్లలు పుట్టాక కూడా ఏం చెయ్యాలో తేల్చుకోలేక, ఏటా నిల్వ బిల్లు కట్టుకుంటూ పోయేవాళ్ళు చాలామంది.

ఇంతకీ అన్నేళ్ళు ఎలా పాడవకుండా ఉంటాయి? ద్రవ నత్రజనిలో ఉష్ణోగ్రత మైనస్ 196 డిగ్రీలు. ఆ చలిలో కణంలోని రసాయన చర్యలన్నీ దాదాపు ఆగిపోతాయి. అసలు ప్రమాదం నిల్వలో కాదు, గడ్డకట్టించేటప్పుడూ, కరిగించేటప్పుడూ. కణంలోని నీరు మంచు స్ఫటికాలుగా మారితే కణం చిరిగిపోతుంది. పాత పద్ధతిలో రక్షక ద్రవాలతో కొంత నీటిని బయటికి లాగి, చాలా నెమ్మదిగా చల్లబరిచేవారు. కొత్త పద్ధతిలో ఎంత వేగంగా చల్లబరుస్తారంటే, స్ఫటికాలు ఏర్పడే వ్యవధి లేక అంతా గాజులా బిగుసుకుంటుంది. అందుకే ఈ పద్ధతిలో బతికి బయటపడే పిండాలు ఎక్కువ. 1994లో గడ్డకట్టించిన పిండం నుంచి 2025 జూలైలో ఒక బాబు పుట్టాడు!

ఇదంతా పాశ్చాత్యుల ఘనత అనుకోకండి. 1978లో కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖర్జీ 53 రోజులు గడ్డకట్టించి ఉంచిన పిండంతో ఒక పాప పుట్టిందని ప్రకటించారు. ఆయన బతికుండగా ప్రభుత్వం నమ్మలేదు.

దత్తత అనవచ్చా?

మా ఇద్దరివీ గుంటూరు జిల్లా క్రైస్తవ కుటుంబాలు. పెళ్ళయిన ఆరేళ్ళకీ పిల్లలు కలగలేదు. కొత్తగా పిండాలు తయారుచేయించుకుని, మిగిలినవాటిని పారెయ్యడానికి మా ఆవిడ ఒప్పుకోలేదు. గర్భధారణతోనే ప్రాణం మొదలవుతుందని నమ్మే మాలాంటివాళ్ళకి అవి ‘మిగిలిపోయిన సరుకు’ కాదు. సరిగ్గా ఈ నమ్మకంతోనే 1997లో కాలిఫోర్నియాలో నైట్‌లైట్ క్రిస్టియన్ అడాప్షన్స్ సంస్థ ‘స్నోఫ్లేక్స్’ కార్యక్రమం మొదలుపెట్టింది. వాళ్ళ మొదటి పాప 1998 డిసెంబరు 31న పుట్టింది. 2003లో టెనెసీలోని నాక్స్‌విల్‌లో నేషనల్ ఎంబ్రియో డొనేషన్ సెంటర్ వచ్చింది.

పద్ధతి మామూలు దత్తతలాగే ఉంటుంది. సోషల్ వర్కరు ఇంటికొచ్చి జీతం, ఆరోగ్యం, సంసారం అన్నీ ఆరా తీస్తుంది. పిండాలున్న కుటుంబం మన వివరాలు చదివి మనల్ని ఎంచుకుంటుంది. చట్టం మాత్రం వేరే దారిలో ఉంది. చాలా రాష్ట్రాల్లో ఇది దత్తత కాదు, కాగితం మీద ఒప్పందం. మేముండే జార్జియాలో మాత్రం 2009 చట్టం ప్రకారం కోర్టు ఉత్తర్వు తీసుకోవచ్చు. మేమూ తీసుకున్నాం. ఇటు డాక్టర్ల సంఘం ‘దత్తత’ అనొద్దు, ‘దానం’ అనండి అంటుంది.

క్రైస్తవుల్లోనూ ఏకాభిప్రాయం లేదు. 2008లో వాటికన్ ఈ ఉద్దేశం మెచ్చుకోదగ్గదే కాని చిక్కులున్నాయంది. 2024లో సదరన్ బాప్టిస్టులు ఇలా దత్తత తీసుకున్నవాళ్ళని అభినందిస్తూ తీర్మానం చేశారు.

మా కథ

మమ్మల్ని ఎంచుకున్నది వేరే రాష్ట్రంలోని ఒక తెల్లవాళ్ళ కుటుంబం. మూడు పిండాలు ఇచ్చారు. మొదటిది కరిగించేటప్పుడే పోయింది. రెండోది గర్భంలో నిలవలేదు. ఆ రెండింటికీ మేము పేర్లు పెట్టలేదు కాని, ప్రార్థనలో ఇప్పటికీ తలుచుకుంటాం. మూడోది 2020లో నిలిచింది.

అమ్మకి ముందు ఫోనులో చెప్పినప్పుడు, "రక్తం మనది కాదు, రంగు మనది కాదు, ఊళ్ళో ఏం చెప్పను నాయనా?" అంది. నా దగ్గర జవాబు లేదు. కోవిడ్ వల్ల పురుటికి రాలేకపోయింది. వీడియోలో వాణ్ణి చూసి చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "కోడలు మోసింది, కోడలే కంది. ఇంకెవరి బిడ్డంట?" అంది. ఊళ్ళో కూడా అదే చెప్పిందట.

మావాడిది రాగి రంగు జుట్టు. ఇండియన్ షాపులో "నాన్నా, జంతికలు కొను" అని వాడు అరిస్తే అందరూ తిరిగి చూస్తారు. వాడికో అక్క ఉంది. ఇద్దరూ పిండాలుగా ఏర్పడింది ఒకే రోజున. ఆ అమ్మాయి మాత్రం 2010లో పుట్టింది. ఏటా క్రిస్మస్‌కి రెండు ఇళ్ళమధ్యా ఉత్తరాలు, ఫొటోలు నడుస్తాయి. నాలుగేళ్ళు దాటినవాడికి అక్క వేరే ఇంట్లో ఎందుకుంటుందో చెప్పడం కష్టమే. అయినా దాచకూడదని నిశ్చయించుకున్నాం. పెద్దయ్యాక వాడు మమ్మల్ని ఏమడుగుతాడో అన్న భయం మాత్రం పోలేదు.

ఒక్కమాట

మీలో కొందరి పిండాలు హైదరాబాదులో నిల్వ ఉండి ఉండవచ్చు. భారతదేశంలో 2021 చట్టం ప్రకారం నిల్వ గడువు 10 ఏళ్ళు. ఆ తరవాత నశించిపోనివ్వాలి, లేదా దంపతుల అంగీకారంతో పరిశోధనకి ఇవ్వాలి. అమెరికాలో అలాంటి గడువు లేదు. బిల్లు కడుతున్నంతకాలం అవి అలాగే ఉంటాయి. యంత్రం కాలాన్ని ఆపగలదు గాని, ఏం చెయ్యాలన్నది మీ ఇద్దరికీ వదిలేస్తుంది.

మీ ఇంటికి ఏటా అలాంటి బిల్లు వస్తుంటే, ఈసారి కట్టేముందు భార్యాభర్తలిద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. ఏ నిర్ణయం తీసుకున్నా అది మీ ఇష్టం. మా వరకూ, ఎక్కడో ఒక కుటుంబం అలా కూర్చుని మాట్లాడుకుంది కాబట్టే మావాడు ఇప్పుడు పక్కగదిలో నిద్రపోతున్నాడు.